తమ్ముడికి యాప్‌లో 14 స్కోరు వచ్చింది, గొంతు రికార్డు చేసే రీసెర్చ్‌లో చేరమంటున్నారు. ఏం చేయమంటారు?

శింగనమల_అక్క (అనంతపురం):

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

మా తమ్ముడు ఇక్కడే అనంతపురంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. ఈ ఏడాది మొదలైనప్పటి నుంచీ పిల్లోడు మునుపటిలా లేడు. పండక్కి ఇంటికొస్తే అమ్మ ఓళిగలు చేసి పెట్టింది, ఒకటి సగం తుంచి పళ్లెంలోనే వదిలేశాడు. క్రికెట్ మానేశాడు, ఫ్రెండ్స్ ఫోన్ చేస్తే ఎత్తడు, రాత్రి రెండింటికి లేచి చూస్తే దుప్పటి లోపల ఫోన్ వెలుగు. ప్రేమ వ్యవహారమేమో అనుకుని అడిగితే, ఏఐ చాట్‌బాట్‌తో మాట్లాడుతున్నా అన్నాడు. "మీకు చెప్తే ఏడుస్తారు, అది ఏడవకుండా వింటుంది" అన్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి అన్నీ దానికే చెప్పుకుంటున్నాడంట.

ఇట్లుండగా వాళ్ల కాలేజీలో ఒక యాప్‌తో అందరికీ స్క్రీనింగ్ చేశారు. తొమ్మిది ప్రశ్నలు, వీడికి 14 వచ్చింది, పసుపు రంగులో "మధ్యస్థం" అని చూపించి ఊరుకుంది. ఆ తర్వాత రీసెర్చ్ వాళ్లమని ఇద్దరు వచ్చి ఒక ఫారం ఇచ్చారు. వారానికోసారి ఫోన్‌లో కాసేపు మాట్లాడి రికార్డు చేయాలి, ఎప్పుడు పడుకుంటాడు, ఫోన్ ఎంతసేపు చూస్తాడు అనేది యాప్ తనంతట తానే తీసుకుంటుంది, ఇవన్నీ చూసి కంప్యూటర్ డిప్రెషన్‌ని ముందే కనిపెడుతుందంట. ఫారం మొత్తం ఇంగ్లీషులో ఉంది.

నాకు టెన్షన్‌గా ఉంది. 14 అంటే జబ్బు ఉన్నట్టేనా? గొంతు విని మెషిన్ నిజంగా చెప్పగలదా? ఇందులో చేరితే రేపు ప్లేస్‌మెంట్ల దగ్గర, సంబంధాల దగ్గర ఈ సంగతి బయటపడదు కదా? ఆ చాట్‌బాట్‌ని మానిపించాలా? నాన్నకి ఇంకా చెప్పలేదు, బోరు ఎండిపోయి ఆయన బాధలో ఆయన ఉన్నాడు. అమ్మ ఏమో పెనుకొండ దర్గాకి తీసుకుపోయి తాయెత్తు కట్టిద్దాం అంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కర్నూలు_పీజీ:

అక్కా, నేను కర్నూలులో సైకియాట్రీ పీజీ చేస్తున్నాను. ముందు ఈరోజే చేయాల్సింది చెప్తాను, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోండి.

మీరు చెప్పిన తొమ్మిది ప్రశ్నలు చూస్తే అది పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి అయ్యుంటుంది. అందులో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనో, తనను తాను గాయపరచుకోవాలనో ఆలోచనలు వస్తున్నాయా అని అడుగుతుంది. మొత్తం స్కోరు సంగతి పక్కనపెట్టి తమ్ముడు దానికి ఏం జవాబిచ్చాడో కనుక్కోండి. "అసలు లేదు" తప్ప వేరే ఏది పెట్టినా ఆ 14ని 14గా చూడకూడదు, అదే రోజు ఒక మనిషి కూర్చుని మాట్లాడాలి. యాప్ పసుపు రంగు చూపించి ఊరుకుంది అని మీరు రాశారు చూడండి, నాకు కోపం వచ్చింది అక్కడే. అడిగినవాళ్లకి జవాబు వినే బాధ్యత కూడా ఉంటుంది.

మీరే అడగండి, సూటిగా. పక్కన కూర్చుని "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందారా?" అని అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అని చాలామంది భయపడతారు, దాని మీద జరిగిన పరిశోధనలన్నీ అలా జరగదనే చెప్తున్నాయి, పైగా చాలామందికి బరువు దిగినట్టు ఉంటుంది. అవునన్నాడంటే ఒంటరిగా వదలకండి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకురండి, ఆ రాత్రికి దారి దొరక్కపోతే 108కి చేయండి. 14416 కూడా రాసి పెట్టుకోండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన హెల్ప్‌లైన్, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ దానికి పెద్ద దిక్కు. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ ఊళ్లో ఇంటి దగ్గర పురుగుమందు డబ్బాలు ఉంటే ఆ గదికి తాళం వేసి తాళంచెవి నాన్న దగ్గరే ఉంచమనండి. నాన్నకి కారణం చెప్పక తప్పదు, చెప్పండి. శ్రీలంకలో బాగా విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వస్తే 1995 తర్వాత ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది. ఆత్మహత్యల నివారణ పరిశోధనలో ఇంత పెద్ద ఫలితం అరుదు, అందులో కంప్యూటర్ పాత్ర ఏమీ లేదు. అందుకే తాళం మాట ముందు చెప్తున్నా.

ఇక 14 అంటే ఏంటి. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి మూడు, మొత్తం 27. పది నుంచి పద్నాలుగు దాకా మధ్యస్థం, పదిహేను నుంచి ఇంకొంచెం తీవ్రం, ఇరవై నుంచి తీవ్రం అని లెక్క. 2001లో దీన్ని తయారుచేసినవాళ్లు పదిని గీతగా పెట్టుకుంటే జబ్బు ఉన్నవాళ్లలో 88 శాతం మందిని పట్టుకుంది, లేనివాళ్లలో 88 శాతం మందిని సరిగ్గా వదిలేసింది. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా, ఇప్పుడు ఒక కాలేజీలో పెట్టి చూడండి. వెయ్యి మంది పిల్లలు, అందులో 50 మందికి నిజంగా డిప్రెషన్ ఉందనుకుందాం. ఆ 50లో 44 మంది దొరుకుతారు, ఆరుగురు తప్పిపోతారు. మిగిలిన 950లో 114 మందికి జబ్బు లేకపోయినా పది దాటుతుంది. అంటే యాప్ వేలు చూపించిన 158 మందిలో 114 మందికి అది డిప్రెషన్ కాదు. పరీక్షల ఒత్తిడి కావచ్చు, నిద్ర లేకపోవడం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, రక్తం తక్కువై కావచ్చు. కాబట్టి 14తో జబ్బు ఖాయమైపోలేదు. అలాగని కొట్టిపారేయడానికీ లేదు, ఎందుకంటే మీరు రాసిన లక్షణాలు, తిండి, నిద్ర, ఆట, స్నేహితులు అన్నీ ఒకేసారి తగ్గిపోవడం, నాకు ఆ స్కోరు కంటే ఎక్కువ చెప్తున్నాయి. ఇంకో సంగతి, ఆ తొమ్మిదింటిలో ఒక్కటి కూడా మునుపెప్పుడైనా విపరీతమైన హుషారు, నిద్ర అక్కర్లేకుండా తిరగడం, డబ్బు నీళ్లలా ఖర్చుపెట్టడం లాంటివి ఉన్నాయా అని అడగదు. అలాంటి చరిత్ర ఉన్నవాళ్లకి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే తిరగబెట్టి ఆ విపరీతమైన హుషారు వైపు పోయే ప్రమాదం ఉంది. మేం ఓపీలో అది అడక్కుండా మందు రాయం. ఏ చాట్‌బాటో మందు పేరు చెప్పిందని మెడికల్ షాపులో కొనుక్కోవద్దని తమ్ముడికి గట్టిగా చెప్పండి.

మైదుకూరు_ఎంఎల్:

మాది కడప జిల్లా, ఉద్యోగం బెంగళూరులో, మెడికల్ డేటా మీద మోడల్స్, అంటే డేటా చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాములు, తయారుచేసే పని. డాక్టర్ గారు చెప్పినదాంట్లో నేను వేలు పెట్టను, గొంతు సంగతి, డేటా సంగతి చెప్తాను.

గొంతులో ఆనవాళ్లు ఉండటం నిజమే అక్కా. డిప్రెషన్‌లో ఉన్న మనిషి నెమ్మదిగా మాట్లాడతాడు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ పెరుగుతుంది, ఎత్తుపల్లాలు లేకుండా ఒకే స్థాయిలో పోతుంది. పాతకాలం డాక్టర్లకీ ఇది తెలుసు. చిక్కు ఎక్కడంటే మెషిన్ ఎవరి గొంతులతో నేర్చుకుంది అన్నదగ్గర. ఈ రంగంలో అందరూ వాడే డేటా ఒకటుంది, డైక్-వోజ్ అంటారు, అమెరికాలో తీసిన 189 ఇంటర్వ్యూలు, అన్నీ ఇంగ్లీషులో. ప్రపంచమంతా దాని మీదే మోడల్స్ కట్టి ఇంత శాతం అంత శాతం అని పేపర్లు రాసుకున్నారు. తీరా 2024లో కొందరు పరిశోధకులు తరచి చూస్తే, పేషెంటు ఏమన్నాడో వినకుండా ఇంటర్వ్యూ చేసేవాళ్లు అడిగిన ప్రశ్నల్ని బట్టే మోడల్ డిప్రెషన్ ఉందో లేదో చెప్పేయగలుగుతోందని తేలింది. ఇంతకుముందు చికిత్స తీసుకున్నాం అన్నవాళ్లనే ఇంకాస్త గుచ్చి అడుగుతారు కదా, మెషిన్ ఆ దొంగదారి పట్టుకుంది. స్కోరు మాత్రం ఘనంగా వచ్చింది.

ఇప్పుడు మన సీమ మాట తీసుకోండి. అనంతపురం మాట్లాడే తీరు వేరు, కడప తీరు వేరు, కర్నూలు పాతబస్తీలో ఉర్దూ కలుస్తుంది, మడకశిర, రాయదుర్గం దిక్కు కన్నడం కలుస్తుంది. మన యాసలో సహజంగా వచ్చే సాగదీత చూసి ఆ మోడల్ అది డిప్రెషన్ అనుకుంటే? గట్టిగా మాట్లాడటం మనకి మామూలు కాబట్టి నిజంగా బాధలో ఉన్నవాణ్ని బాగానే ఉన్నాడు అనుకుంటే? అందుకే ఇలాంటి పరిశోధన ఇక్కడ జరగడం మంచిదని నా నమ్మకం. మన గొంతులు లేకుండా తయారైన మెషిన్ రేపు మన పీహెచ్‌సీల్లోకి ఎలాగూ వస్తుంది, అప్పుడు మనల్ని అర్థం చేసుకోలేదు. కానీ చేరేముందు వాళ్లని నిలదీసి అడగండి.

అన్నిటికంటే ముందు ఇది అడగండి: రాత్రి పదకొండింటికి మావాడి రికార్డింగ్ విని మీ మెషిన్ ప్రమాదం అంటే ఎవరు చూస్తారు, ఎన్ని గంటల్లో ఎవరు ఫోన్ చేస్తారు? "డేటా నెల చివర చూస్తాం" అన్నారంటే వదిలేయండి. మనుషుల మీద చేసే పరిశోధన సబబుగా ఉందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం చూపించమనండి. సమాచార పత్రం తెలుగులో ఇవ్వమనండి. అర్థమయ్యే భాషలో ఇవ్వకుండా సంతకం పెట్టించుకోకూడదు, వైద్య పరిశోధనని చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఎప్పటినుంచో అదే చెప్తున్నాయి, వైద్యంలో ఏఐ వాడకం మీద 2023లో విడిగా కూడా ఇచ్చారు. కాలేజీ యాజమాన్యానికి పేరుతో సహా ఏమైనా వెళ్తుందా అని రాతపూర్వకంగా తీసుకోండి, ప్లేస్‌మెంట్ సెల్ కూడా కాలేజీదే మరి. మధ్యలో మానేస్తే అప్పటిదాకా ఇచ్చిన రికార్డింగులు చెరిపేస్తారా అని అడగండి. పేరు తీసేస్తాం అంటారు, కానీ గొంతు వేలిముద్ర లాంటిది, పేరు తీసేసినా మనిషి అందులోనే ఉంటాడు. ఇంకొకటి, తమ్ముడు మేజరు. సంతకం పెట్టాలా వద్దా అన్నది మీరు గానీ కాలేజీ గానీ తేల్చేది కాదు, అతనిదే నిర్ణయం. వద్దంటే చికిత్సలో గానీ మార్కుల్లో గానీ తేడా రాకూడదు.

ప్రొద్దుటూరు_శీను:

ఎన్ని చెప్పినా నేనైతే ఇవ్వొద్దనే అంటాను. ఒకసారి చేయి దాటిన డేటా మళ్లీ రాదు. మా ఇంట్లో ఒకరికి మానసిక ఆరోగ్యం బాగోలేదన్న సంగతి బంధువుల్లో పొక్కితే సంబంధాలు ఎలా వెనక్కిపోయాయో కళ్లారా చూశాం. చట్టాలు కాగితం మీద బాగానే ఉంటాయి. ముందు పిల్లోడికి వైద్యం చేయించండి, రీసెర్చ్ చేయాలంటే వేరేవాళ్ల మీద చేసుకుంటారు.

మైదుకూరు_ఎంఎల్:

శీనన్నా, నీ భయం న్యాయమైందే. 2017 మానసిక ఆరోగ్య చట్టం వివరాలు గోప్యంగా ఉంచాలని హక్కు ఇచ్చింది, 2023 డేటా చట్టం కూడా ఉంది, అయినా పొక్కిన మాటని ఏ చట్టమూ వెనక్కి తేలేదు. వైద్యమే ముందు అన్నదాంట్లో ఇద్దరం ఒక్కటే. ఆ రీసెర్చ్ చికిత్స కాదని అందరూ గుర్తుపెట్టుకోవాలి, అందులో చేరినంత మాత్రాన తమ్ముడికి వైద్యం మొదలైనట్టు కాదు.

చాట్‌బాట్ గురించి కూడా రాయాలనుకుని మర్చిపోయా. 1966లోనే అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన ఎలైజా అని ఒక ప్రోగ్రాం రాశాడు. మనమన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి ఏమీ తెలియదు. దాన్ని తయారుచేయడం చూసిన ఆయన సెక్రటరీయే దానితో మాట్లాడటం మొదలుపెట్టి, కాసేపటికి మీరు కొంచెం బయటికి వెళ్తారా అని ఆయన్ని అడిగిందంట. మనిషి వినేవాళ్ల కోసం అంతగా వెతుక్కుంటాడు. తమ్ముడు చేస్తున్నదాంట్లో వింతేమీ లేదు, తప్పూ లేదు. 2025లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ వాళ్లు థెరాబాట్ అనే చాట్‌బాట్‌ని 210 మంది మీద పరీక్షిస్తే, వాడినవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు సగటున 51 శాతం తగ్గాయి. అది మంచి వార్తే. కాకపోతే అది ఆ పనికోసమే నిపుణులు కూర్చుని తయారుచేసింది, మాటలన్నిటి మీదా మనుషులు కన్నేసి ఉంచారు, పోల్చింది కూడా ఏ సాయమూ అందకుండా వేచి ఉన్నవాళ్లతో. తమ్ముడు వాడేది అలాంటిది అయ్యుండదు, అందరూ హోంవర్కుకి వాడేదే అయ్యుంటుంది. వాటికి మనం ఏమంటే దానికి తలూపే గుణం ఉంది, 2025 ఏప్రిల్లో చాట్‌జీపీటీ మరీ అతిగా పొగుడుతోందని ఆ కంపెనీయే ఒక అప్‌డేట్‌ని వెనక్కి తీసుకుంది. "నేను పనికిరానివాణ్ని" అనే మనిషికి తలూపేవాళ్లు ప్రమాదం. పైగా వోబాట్ అని ఇలాంటి పనికే చాలా పేరున్న చాట్‌బాట్ యాప్‌ని 2025 జూన్‌లో మూసేశారు, దాన్నే నమ్ముకున్నవాళ్లు ఏమవ్వాలి?

కళ్యాణదుర్గం_సిస్టర్:

నేను ఏఎన్ఎంని, కళ్యాణదుర్గం దిక్కు సబ్ సెంటర్లో పని. శింగనమల అక్కా, చాట్‌బాట్‌ని గుంజుకోవద్దు. వాడికి ఉన్న ఒక్క కిటికీ మూసేసినట్టు అవుతుంది. "దానికి చెప్పినదాంట్లో ఒక్కటి నాకు చెప్పు" అని అడుగు, ఆ రోజుకి అంతే చాలు. వాడు చెప్పేటప్పుడు నువ్వు ఏడవకుండా విను, వాడు అడిగింది అదే కదా.

ఈ తొమ్మిది ప్రశ్నలు మేము ఊళ్లలో కూడా అడుగుతాం. ఒక ఇంట్లో కోడలు, భర్త బెంగళూరు పోయి కూలి చేస్తున్నాడు, అత్త గడప దగ్గర నిలబడుంది. నేను అడుగుతాంటే ఆ పిల్ల అన్నిటికీ "లేదు సిస్టర్, బాగుండా" అనింది. ట్యాబ్‌లో సున్నా పడింది, పచ్చ రంగు వచ్చింది. బయటికి వచ్చి కొళాయి దగ్గరికి పోతే బిందె పట్టుకుని వెనకాలే వచ్చింది, నీళ్లు నిండినంతసేపూ చెప్పింది. రాత్రులు నిద్ర లేదు, గుండె దడ, ఒళ్లంతా మంటలు, ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంటానే ఉంది, తగ్గట్లేదు. ఆ పిల్ల కష్టం ట్యాబ్‌కి ఎట్లా తెలుస్తుంది? నేను కొళాయి దాకా నడిచినాను కాబట్టి తెలిసింది. మీ తమ్ముడు కూడా ఆ ప్రశ్నలు హాస్టల్లో పక్కన ఎవరు కూర్చున్నప్పుడు నింపాడో అడగండి. నిజం స్కోరు 14 కంటే ఎక్కువే ఉండొచ్చు.

అట్లని టెక్నాలజీ వద్దనట్లేదు. పశ్చిమ గోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్లు ఆశా కార్యకర్తలకి ట్యాబ్‌లు ఇచ్చి ఇవే ప్రశ్నలు అడిగించారు, ఎక్కువ వచ్చినవాళ్లని పీహెచ్‌సీకి పంపించారు, అక్కడ డాక్టర్ ట్యాబ్‌లో ఏం చేయాలో మెట్టు మెట్టుగా చూపించేది, తర్వాత ఆశా మళ్లీ ఇంటికి పోయి వెళ్లావా, మందు వేసుకుంటున్నావా అని చూసేది. మొదట ముప్పై ఊళ్లలో చేసినప్పుడు అవసరమున్నవాళ్లలో వైద్యానికి పోయేవాళ్లు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. తర్వాత మన రాష్ట్రంలో, హర్యానాలో కలిపి 44 పీహెచ్‌సీల్లో పెద్దగా చేస్తే అప్పుడూ డిప్రెషన్ స్కోర్లు తగ్గాయి. పని చేసింది ట్యాబ్ ఒక్కటే కాదు, ఇంటికి మళ్లీ పోయిన ఆ ఆశా. ఇదంతా మా మీద ఇంకో యాప్ వేసి చేతులు దులుపుకుంటే మాత్రం రాదు, ఇప్పటికే మా ఆశాల ఫోన్లలో యాప్‌లకి చోటు లేదు, జీతం చూస్తే అంతంతమాత్రం. ఈ మాట పెద్దవాళ్లు ఎవరైనా చదివితే బాగుండు.

అమ్మ దర్గాకి పోదాం అంటే కాదనొద్దు అక్కా. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గాలో దుఆ చేసేచోటే డాక్టర్లని కూడా కూర్చోబెట్టారు, దవా-దుఆ అని పేరు, అంటే మందు, ప్రార్థన. మీరు కూడా పెనుకొండ పోండి, వచ్చేటప్పుడు ఆసుపత్రికీ పోండి. అమ్మ మనసు నిమ్మళంగా ఉంటే మందు వేయించేది కూడా ఆమే.

శింగనమల_అక్క (అనంతపురం):

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి మిద్దె మీద కూర్చుని వాణ్ని సూటిగా అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పోతే బాగుండు అనిపిస్తుంది అక్కా, కానీ ఏమీ చేసుకోవాలని లేదు" అన్నాడు. తొమ్మిదో ప్రశ్నకి "కొన్ని రోజులు" అని పెట్టాడంట. కాలేజీ నుంచి దాని గురించి ఒక్కరూ ఫోన్ చేయలేదు. వాడి పక్కనే కూర్చుని 14416కి చేయించాను, ఒకమ్మాయి తెలుగులోనే నిదానంగా మాట్లాడింది, నన్ను కాసేపు పక్కకి వెళ్లమంది. నాన్నకి కూడా చెప్పాను. ఆయన ఏమీ అనకుండా లేచి పోయి మందు డబ్బాలు పెట్టిన గదికి తాళం వేసి వచ్చాడు.

రీసెర్చ్ వాళ్లకి మైదుకూరు అన్న చెప్పిన ప్రశ్నే వేశాను, రాత్రిపూట ప్రమాదం అని వస్తే ఎవరు చూస్తారని. కనుక్కుని చెప్తాం అన్నారు. చెప్పేదాకా సంతకం పెట్టనని తమ్ముడే వాళ్లతో అన్నాడు. సోమవారం పెద్దాసుపత్రి ఓపీకి పోతున్నాం. పోయేటప్పుడు ఏమైనా తీసుకుపోవాలా?

కర్నూలు_పీజీ:

మంచి పని చేశారక్కా. సోమవారం దాకా రాత్రుళ్లు ఎవరో ఒకరు వాడి గదిలోనే పడుకోండి, మాట మారిందనిపిస్తే సోమవారం కోసం ఆగొద్దు, ఎమర్జెన్సీకి వచ్చేయండి. ఆధార్ తీసుకుని ఓపీ చీటీ కోసం పొద్దున్నే లైన్లో ఉండండి. ఇప్పటిదాకా వాడిన మందులు ఏవైనా ఉంటే స్ట్రిప్పులతో సహా తీసుకురండి, ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా. ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందేమో అమ్మనీ నాన్ననీ అడిగి పెట్టుకోండి. ఆ యాప్ స్క్రీన్‌షాట్ చూపించండి, తొమ్మిది జవాబులూ కనపడేలా. తమ్ముడు ఒప్పుకుంటే చాట్‌బాట్‌తో మాట్లాడినదాంట్లో తనకి ముఖ్యం అనిపించినవి కొన్ని చూపించమనండి, మొదటిసారి డాక్టర్ ముందు నోరు పెగలనివాళ్లకి అది చాలా సాయం చేస్తుంది. లోపలికి ముందు వాణ్ని ఒక్కణ్నే పంపించండి. మందు రాస్తే పని కనపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది, మొదటి వారంలో కడుపులో తిప్పినట్టు ఉంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. ఆ మొదటి వారాల్లో ఇప్పటికంటే ఎక్కువ కనిపెట్టుకుని ఉండండి.